చూపు తగ్గాక ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు?

మీ ప్రశ్న రెండుసార్లు విన్నాను. మీ తమ్ముడికి 32 ఏళ్లు, రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనక తెర (రెటీనా) క్రమంగా దెబ్బతినే జబ్బు. 7 ఏళ్లు అకౌంట్స్‌లో పనిచేశాడు. స్క్రీన్ మీద అంకెలు సరిగ్గా కనబడటం లేదని 8 నెలల కిందట రాజీనామా చేసి ఇంట్లో ఉన్నాడు. "ఇదే జబ్బుతో ఇంతకంటే తక్కువ చూపున్నవాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు కదా, మావాడికి ఎందుకు కుదరడం లేదు? అసలు ఇది దేని మీద ఆధారపడి ఉంటుంది?" అని అడిగారు.

నాకు 26వ ఏట గ్లాకోమాతో చూపు పోయింది. 14 నెలలు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత శిక్షణ తీసుకుని ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు 22 ఏళ్లుగా, పెద్దయ్యాక చూపు కోల్పోయినవాళ్లకు కంప్యూటర్ పని, ఉద్యోగానికి కావలసిన తయారీ నేర్పిస్తున్నాను. కాబట్టి ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, ఎక్కువ భాగం దగ్గరుండి చూసింది.

సూటిగా చెప్తాను. ఎంత చూపు మిగిలింది అన్నదానికంటే, "చూడకుండా ఈ పని ఎలా చేస్తావు?" అని ఎవరైనా అడిగితే చేసి చూపించగల జవాబు ఉందా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆ జవాబు ముందు అతని దగ్గర ఉండాలి. తర్వాత ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. ఆ పైన ఉద్యోగం ఇచ్చేవాళ్లకు అది అందాలి. ముగ్గురిలో ఏ ఒక్కరి దగ్గర లేకపోయినా బండి అక్కడే ఆగిపోతుంది.

అలాగని చూపు సంగతి పట్టించుకోవద్దని కాదు. ఎంత చూపు ఉంది అన్నది ఒక ఎత్తు, ఎలాంటి చూపు ఉంది అన్నది ఇంకో ఎత్తు. మీ తమ్ముడి జబ్బులో సాధారణంగా ముందు రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్క చూపు కుంచించుకుపోయి సన్నటి గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది. నడుమ చూపు చాలాకాలం నిలవొచ్చు. అంటే పేపర్లో చిన్న అక్షరం చదివిన మనిషే, కాళ్ల ముందున్న కుర్చీని తన్నుకుని పడతాడు. చూసేవాళ్లు "నటిస్తున్నాడా?" అనుకుంటారు. మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం, దెబ్బతిన్నవాళ్లది దీనికి తలకిందులు. వాళ్లు దర్జాగా నడిచి వస్తారు, ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాత్రం పోల్చుకోలేరు. "పలకరించలేదు, పొగరు" అనిపించుకుంటారు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు చూపు ఈరోజు ఉన్నట్టు రేపు ఉండకపోవచ్చు. ఆఫీసులో ఇవన్నీ అపార్థాలకే దారితీస్తాయి. పూర్తిగా కనబడనివారి సంగతి ఎదుటివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కొంత కనబడేవాళ్లే నలిగిపోతారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువమంది ఇలాంటివాళ్లే. కనబడుతున్నట్టు నెట్టుకొస్తూ, తప్పులు దాచుకుంటూ, చివరికి అలసిపోయి వాళ్లంతట వాళ్లే మానేసినవాళ్లు. మీ తమ్ముడిదీ ఇదే కథ అని మీరు రాసిన తీరు చూస్తే అనిపిస్తోంది.

ఇక్కడే ఒక మాట. ఈ జబ్బు ఉన్నవాళ్లకు శుక్లం రావడం, మాక్యులాలో నీరు చేరడం కూడా జరుగుతుంటుంది. వాటికి చికిత్స ఉంది. ఈమధ్య మసక ఒక్కసారిగా పెరిగి ఉంటే, "మా జబ్బే అంత" అని ఊరుకోకుండా రెటీనా డాక్టరుకు మళ్లీ చూపించండి. మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో నేర్పే లో విజన్ క్లినిక్‌కు కూడా తీసుకెళ్లండి. మందులు రాసే డాక్టరు "ఇంక చేయగలిగింది లేదు" అన్నచోట వీళ్ల పని మొదలవుతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. మిమ్మల్ని నొప్పించాలని కాదమ్మా, కానీ ఇది చెప్పకపోతే మిగతాది చెప్పి ప్రయోజనం లేదు. మీ అమ్మగారు అతని బట్టలు తీసి పెడుతున్నారని, ఫోన్ బిల్లు మీరే కడుతున్నారని, గుమ్మం దాటితే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటున్నారని రాశారు. ప్రేమ కొద్దీ చేస్తున్నదే. నాకూ మా ఇంట్లో అలాగే చేశారు. ఆ 14 నెలల్లో నేను కోల్పోయింది చూపు ఒక్కటే కాదు, ఏ పనైనా నా చేత్తో పూర్తి చేసిన గుర్తు కూడా పోయింది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు చొక్కా గుండీ ఊడితే, తడుముకుంటూ అరగంట పట్టి కుట్టుకున్నాను. వేళ్లకు నాలుగు పోట్లు పడ్డాయి. కానీ ఆ రాత్రి చాలా నెలల తర్వాత కంటి నిండా నిద్రపోయాను.

ఇది నా ఒక్కడి అనుభవం మాత్రమే కాదు. అమెరికాలో మిషెల్ మెక్‌డొనాల్ లాంటి పరిశోధకులు, దృష్టి లోపం ఉన్న యువతలో ఎవరు ఉద్యోగాల్లో స్థిరపడుతున్నారని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఇలాంటి పరిశోధనల్లో మళ్లీ మళ్లీ పైకి తేలుతున్న అంశాల్లో తల్లిదండ్రుల అంచనా ఒకటి. "మా బిడ్డ సంపాదించుకుంటాడు" అని ఇంట్లో నమ్మారా లేదా అన్నది. అదేమీ మంత్రం కాదు. నమ్మినవాళ్లు పనులు చెప్తారు, బయటికి పంపుతారు, తప్పు చేస్తే సరిదిద్దుతారు. నమ్మనివాళ్లు అన్నీ అందిస్తారు. అలా అందుకుంటూ గడిపిన మనిషి ఇంటర్వ్యూలో కూర్చుని "నేను చేయగలను" అంటే గొంతులోనే తెలిసిపోతుంది.

దుఃఖానికి కూడా టైం ఇవ్వాలి. చూపు పోవడం ఆప్తులు పోవడం లాంటిదే. కానీ ఒంటరిగా కూర్చుంటే ఆ దుఃఖం తరగదు. నాకు పనికొచ్చింది ఓదార్పు మాటలు కాదు. చూపు లేకుండా రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే ఒక మనిషితో రెండు గంటలు గడపడం. ఆయన నాకు ధైర్యం చెప్పలేదు, తన ఫైళ్లు ఎలా పెట్టుకుంటాడో చూపించాడు. మీ తమ్ముడికి ముందు అలాంటి మనిషిని ఒకరిని వెతకండి. వీలైతే అకౌంట్స్ పనిచేసే మనిషినే. కొండలెక్కిన అంధుల కథలు ఇప్పుడు వినిపించకండి. అవి విని తనెంత తక్కువో లెక్కలు వేసుకుంటాడు.

తర్వాతది నడక. ఉద్యోగాల గురించి అడిగితే ఇతను నడక గురించి చెప్తాడేంటి అని చాలామంది అనుకుంటారు. తెల్ల కర్రతో ఒంటరిగా తెలియని చోటుకు వెళ్లగలగడం నా దృష్టిలో సర్టిఫికెట్ల కంటే ముందు రావాలి. ఇప్పుడు అందరూ వాడే పొడవాటి కర్ర, దాన్ని అడుగు అడుగుకీ ఎడమకీ కుడికీ ఆడించే పద్ధతి, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1944 ప్రాంతంలో రిచర్డ్ హూవర్ రూపొందించారు. ఎడమ కాలు వేసేటప్పుడు కర్ర కొన కుడివైపు నేలను తాకాలి, కుడి కాలు వేసేటప్పుడు ఎడమవైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే చూసి పెడుతుంది. చెప్పడానికి ఒక్క వాక్యం, ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు. దీనికి శిక్షణ ఇచ్చే మొబిలిటీ టీచర్లు ఉంటారు. ఇంట్లోవాళ్లు నేర్పితే కుదరదు, చెయ్యి పట్టుకోకుండా ఉండలేరు.

మీ తమ్ముడికి పగలు కొంత కనబడుతుంది కాబట్టి "కర్ర ఎందుకు, నలుగురూ చూస్తారు" అంటాడు. ఈ జబ్బు ఉన్నవాళ్లందరూ మొదట అనేది అదే. సాయంత్రం పూట బయటపడాల్సి వస్తే కర్ర విలువ తెలుస్తుంది. చీకటి పడకముందే ఇంటికి చేరాలన్న టెన్షన్‌తో ఆఫీసులో సగం మనసు గడియారం మీద పెట్టి పనిచేసినవాళ్లను చూశాను. కర్ర పట్టుకున్న రోజు నుంచి ఆ భారం దిగింది. ఇంకో లాభం, కర్ర ఉంటే మీరు చెప్పకుండానే ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. నటిస్తున్నాడన్న అనుమానం ఉండదు.

రాకపోకల సమస్య మన చేతుల్లో లేనిది కూడా ఉంది. బస్సు లేనిచోట కర్ర ఏం చేస్తుంది? బండి నడపలేనివాళ్లు ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతం కంటే ముందు దారి చూసుకోవాలి. అప్పాయింట్‌మెంట్ ఆర్డర్ వచ్చాక దారి వెతుక్కోవడం కాదు, దరఖాస్తు పెట్టకముందే "అక్కడికి రోజూ ఎలా వెళ్తాను, రెండో దారి ఏమిటి" అని తేల్చుకోవాలి. ఇంటర్వ్యూకు రెండ్రోజుల ముందు ఆ బిల్డింగు దాకా ఒకసారి వెళ్లి రమ్మని నా దగ్గర నేర్చుకునేవాళ్లకు చెప్తాను. గేటు నుంచి మెట్లు ఎన్ని, లిఫ్టు ఎటు అన్నది తెలిసి ఉంటే ఆరోజు బుర్ర మొత్తం ఇంటర్వ్యూ మీదే ఉంటుంది.

ఇక అసలు సంగతి, చదవడం రాయడం. పని అంటేనే చదవడం, రాయడం, వెతకడం. దానికి మూడు దారులున్నాయి: పెద్దది చేసుకుని చూడటం, చెవితో వినడం, వేలితో చదవడం. ఎక్కువమంది మొదటి దారిని పట్టుకుని వేలాడుతూ ఉండిపోతారు. మీ తమ్ముడి విషయంలో అది మరీ నష్టం. చూపు గొట్టంలా ఇరుకైనవాళ్లు అక్షరాన్ని పెద్దది చేస్తే, ఆ గొట్టంలో పట్టే అక్షరాలు ఇంకా తగ్గిపోతాయి! అంకె మొదటి భాగం చూసి చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. అలాంటివాళ్లకు సైజు పెంచడం కంటే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు, మంచి వెలుతురు ఎక్కువ సాయం చేస్తాయి. "అంకెలు కనబడటం లేదు" అని రాశారే, అతను ఆఫీసులో జూమ్ పెంచుకుంటూ పోయి ఉంటాడని నా అనుమానం.

అతను ఇప్పుడే స్క్రీన్ రీడర్‌కు మారాలి. కొంత చూపు ఉండగానే. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం. జాస్ అనేది 1989లో వచ్చింది. దాన్ని తయారుచేసిన టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ రేసుల్లో పాల్గొనే మనిషి. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయాక ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. తర్వాత ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు, ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనలేనివాళ్ల సంగతేమిటని 2006లో ఎన్‌వీడీఏ మొదలుపెట్టాడు. అది ఉచితం. ఈరాత్రే దించుకోవచ్చు. 2009లో ఐఫోన్‌లోకి వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లోకి టాక్‌బ్యాక్ వచ్చాయి. అప్పటినుంచి ఫోన్ కొంటే చదివే గొంతు దాంతోపాటే వస్తోంది. నేను నేర్చుకునే రోజుల్లో పరికరం దొరకడమే పెద్ద సమస్య. ఇప్పుడు పరికరం ఉంది, కూర్చోబెట్టి నేర్పే మనిషే కరువు.

ఉద్యోగం వచ్చేదీ రానిదీ సాఫ్ట్‌వేర్ ఉండటం వల్ల కాదు, దాని మీద చెయ్యి తిరగడం వల్ల. ఫోన్‌లో మెసేజీలు వినడం వచ్చినంత మాత్రాన "నాకు స్క్రీన్ రీడర్ వచ్చు" అనుకునేవాళ్లు చాలామంది వస్తారు. ఆఫీసుకు అది చాలదు. ఎక్సెల్‌లో మౌస్ ముట్టుకోకుండా కంట్రోల్, బాణం కీలతో వరుస చివరికి వెళ్లడం, ఫిల్టర్ పెట్టడం, ఏ గడిలో ఉన్నా పైనున్న శీర్షిక కూడా చదివేలా పెట్టుకోవడం, స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఓసీఆర్ చేసి (బొమ్మలోని అక్షరాలను మామూలు అక్షరాలుగా మార్చి) చదువుకోవడం, కాగితం బిల్లును ఫోన్ కెమెరాతో చదివించుకోవడం, ఇవన్నీ ఆలోచించకుండా వేళ్లకు రావాలి. గొంతు వేగం కూడా. మొదట్లో నెమ్మదిగా పెట్టుకుంటారు. రోజూ కొంచెం పెంచుకుంటూ పోతే కొన్ని నెలల్లో మామూలు మాట వేగానికి రెండు మూడు రెట్లు అందుతుంది. బయటివాళ్లకు అది గరగర శబ్దంలా ఉంటుంది, మనకు పేజీలా ఉంటుంది.

వేలితో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 1996లో రూబీ రైల్స్ అనే పరిశోధకురాలు చేసిన ఒక అధ్యయనం ప్రసిద్ధం. పుట్టుకతో చూపు తక్కువగా ఉన్నవాళ్లలో, చిన్నప్పుడు బ్రెయిలీతో చదువుకున్నవాళ్లు, పెద్ద అక్షరాలతో నెట్టుకొచ్చినవాళ్ల కంటే ఎక్కువగా ఉద్యోగాల్లో ఉన్నారని అందులో తేలింది. దాన్ని పట్టుకుని "బ్రెయిలీ వస్తే ఉద్యోగం వస్తుంది" అనడం తొందరపాటు. బ్రెయిలీ నేర్పిన చోట టీచరు, పట్టుదల, ఇంటి అండ కూడా ఉండే అవకాశం ఎక్కువ. 32వ ఏట మొదలుపెట్టిన మనిషి చిన్నప్పుడు నేర్చుకున్నవాడంత వేగంగా చదవడం కష్టమే. షుగర్ వల్ల వేళ్ల కొనల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే అది ఇంకా కష్టం. కానీ అంకెలతో పనిచేసేవాడికి కొంత బ్రెయిలీ వస్తే ఎంత హాయో! 17,617 అన్నది చెవికి ఒకసారి తప్పుగా వినబడొచ్చు, వేలి కింద తప్పు పోదు. ఫైళ్ల మీద, డబ్బాల మీద లేబుళ్లకైనా పనికొస్తుంది. ఉద్యోగ ప్రయత్నం ఆపి బ్రెయిలీ నేర్చుకోవద్దు, పక్కన రోజూ అరగంట చొప్పున నేర్చుకోమనండి.

ఇంతవరకూ చెప్పింది అతని వైపు తయారీ. దీనికంటే బరువైనది ఇంకొకటి ఉంది: అంతకుముందు పనిచేసిన అనుభవం. మెక్‌డొనాల్ పరిశోధనల్లో గట్టిగా నిలబడిన అంశం ఇదే. చదువుకునే రోజుల్లో జీతానికి పనిచేసిన యువకులకు తర్వాత ఉద్యోగం వచ్చే అవకాశం ఎక్కువ. నేను చూసిందీ అదే. మూడు డిగ్రీలు చేసి ఒక్కరోజూ పని చేయని మనిషి కంటే, రెండేళ్లు ఏదో ఒక చిన్న పని చేసిన మనిషికి ముందు పిలుపు వస్తుంది. కోర్సు తర్వాత కోర్సు చేస్తూ పదేళ్లు శిక్షణలోనే గడిపేసినవాళ్లున్నారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది. శిక్షణ సంస్థల్లో పనిచేసే మేం కూడా ఇందులో బాధ్యులమే. ఇంకో కోర్సులో చేర్చుకోవడం సులువు, ఒక యజమానికి ఫోన్ చేయడం కష్టం.

ఈ లెక్కన మీ తమ్ముడి దగ్గర పెద్ద పెట్టుబడి ఉంది. 7 ఏళ్ల అకౌంట్స్. జమాఖర్చు ఎలా నడుస్తుందో అతనికి తెలుసు. పద్దు ఎక్కడ తప్పు పోతుందో తెలుసు. అది కళ్లలో లేదు కదా, ఎక్కడికీ పోలేదు. అతను నేర్చుకోవాల్సింది వృత్తిని కాదు, అదే వృత్తిని ఇంకో దారిలో చేయడాన్ని. "చూపు పోయింది కాబట్టి ఇక ఫోన్ ఆపరేటర్ పని చూసుకుందాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అంధులకని కొన్ని పనులు కట్టబెట్టడం చాలా దేశాల్లో ఉంది. దక్షిణ కొరియాలో మసాజ్ వృత్తి లైసెన్సు దృష్టి లోపం ఉన్నవాళ్లకే ఇస్తారు. స్పెయిన్‌లో 1938లో ఏర్పడిన అంధుల సంస్థ ఓఎన్‌సీఈ లాటరీ టికెట్ల అమ్మకంతో వేలమందికి బతుకు చూపించింది. ఇవి ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి, కాదనను. కానీ ఒక పనికి ముద్ర పడ్డాక చూసేవాళ్ల ఊహ అక్కడే ఆగిపోతుంది. ఆ పని కాలానికి కొట్టుకుపోతే, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల విషయంలో జరిగినట్టు, మనిషి రోడ్డున పడతాడు.

ఇదే పరిస్థితిలో ఉండి ఇంకా రాజీనామా చేయనివాళ్లు ఎవరైనా చదువుతుంటే, దయచేసి చేయకండి. కొత్త ఉద్యోగం తెచ్చుకోవడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం ఎన్నో రెట్లు సులువు. అక్కడ మీ పనితనం తెలుసు, మనుషులు తెలుసు, దారి తెలుసు. కొన్ని నెలలు సెలవు అడిగి శిక్షణ తీసుకుని తిరిగి వెళ్లండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 27వ అధికరణం పని గురించే. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ల సంగతి, ఉద్యోగం నిలబెట్టుకోవడం, తిరిగి పనిలో చేరడం కూడా అందులో ఉన్నాయి. సహేతుకమైన సర్దుబాటు చేయకపోవడం వివక్షేనని కూడా ఆ ఒప్పందం చెప్తుంది. మీ తమ్ముడు పాత ఆఫీసుతో మంచిగానే విడిపోయాడని రాశారు. 6 నెలల శిక్షణ తర్వాత అతను మొదట ఫోన్ చేయాల్సింది అక్కడికే.

ఇక ఉద్యోగం ఇచ్చేవాళ్లు. వీళ్లందరూ రాతి గుండెలవాళ్లు అనుకోకండి. ఎక్కువమందికి ఊహ అందదు, అంతే. కళ్లు మూసుకుని రెండు క్షణాలు కూర్చుని, "అమ్మో, నేనైతే చేయలేను" అనుకుంటారు. ఆ భయాన్నే మన మీద పెడతారు. అంధులు మామూలు ఆఫీసు పనులు ఎలా చేస్తారో చెప్పమని మెక్‌డొనాల్ బృందం యజమానులను అడిగితే చాలామందికి తెలియలేదు. తెలిసినవాళ్ల వైఖరి మాత్రం మెరుగ్గా ఉంది. అంతకుముందు చూపు లేని ఉద్యోగితో పనిచేసిన మేనేజరు రెండో మనిషిని తీసుకోవడానికి వెనకాడకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఒక ఇంటర్వ్యూ చెప్తాను. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి, పూర్తిగా చూపు లేదు, బిల్లుల విభాగంలో పనికి వెళ్లింది. నేను పక్క గదిలో ఉన్నాను. మేనేజరు మర్యాదగా మాట్లాడుతున్నారు కానీ, ఆ మర్యాదలోనే "కాదు" అన్నది వినబడుతోంది. అప్పుడా అమ్మాయి "సార్, మీ దగ్గర ఉన్న ఏదైనా షీట్ ఒకటి ఇవ్వండి, చేసి చూపిస్తాను" అంది. ఆయన 400 వరుసల షీట్ పెన్ డ్రైవ్‌లో ఇచ్చారు. ఇయర్‌ఫోన్ తీసేసి శబ్దం స్పీకర్ మీద పెట్టింది, ఆయనకు అర్థం కావాలని గొంతు వేగం తగ్గించింది. బిల్లు నంబర్ల ప్రకారం వరుస మార్చింది. కిందికి దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. "ఈ నంబరు రెండుసార్లు పడింది సార్, తేదీలు వేరు, మొత్తం ఒకటే." నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న, "మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇది ఇలాగే చదువుతుందా?"

"చేయగలరా" పోయి, "ఏం కావాలి" వచ్చింది. అక్కడి నుంచి అంతా మామూలు మాటలే.

ఆయన అడిగిన ఆ ప్రశ్నకు జవాబు ప్రతిసారీ "అవును" కాదు. అది కూడా మీకు తెలియాలి. నేను మొదట పనిచేసిన ఆఫీసులో కొత్త ఫైళ్ల సాఫ్ట్‌వేర్ తెచ్చారు, స్క్రీన్ రీడర్‌తో నడుస్తుందా అని ఎవరూ చూడలేదు. సోమవారం తెరిస్తే నా చెవిలో "బటన్, బటన్, బటన్" తప్ప ఇంకేమీ లేదు. తయారుచేసినవాళ్లు ఆ బటన్లకు పేర్లు పెట్టలేదు. మూడు వారాలు ఖాళీగా కూర్చున్నాను. ఖాళీగా కూర్చుని జీతం తీసుకోవడం ఎంత అవమానంగా ఉంటుందో చెప్పలేను. చివరికి పక్క సీట్లో ఆయన 20 నిమిషాలు నాతో కూర్చుని, మొదటిది సేవ్, మూడోది సెర్చ్ అని లెక్కపెట్టించారు. దాంతో పని నడిచింది. తర్వాత కంపెనీకి రాస్తే పేర్లు కూడా పెట్టారు. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేలా ఎలా తయారుచేయాలో 1999 నుంచే అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. పాటించేవాళ్లు తక్కువ. దరఖాస్తు ఫారంలోనే, మనిషేనా అని పరీక్షించే క్యాప్చా బొమ్మ దగ్గరో, టైమర్ పెట్టిన ఆన్‌లైన్ పరీక్ష దగ్గరో ఆగిపోయినవాళ్లు ఎంతమందో. వాళ్లు అర్హత లేక ఆగలేదు. అలా ఆగితే వెంటనే ఆ కంపెనీ హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి వేరే పద్ధతి అడగాలి. అడిగితే ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు.

చూపు సంగతి ఎప్పుడు చెప్పాలి? దీని మీద అభిప్రాయాలు రకరకాలుగా ఉన్నాయి. నా పద్ధతి చెప్తాను. దరఖాస్తులో రాయక్కర్లేదు. ఇంటర్వ్యూకు పిలిచాక, ఒకరోజు ముందు రెండు వాక్యాలు: నాకు చూపు తక్కువ, స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను, నా ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాను. సమస్య, దాని పరిష్కారం ఒకే ఊపిరిలో వెళ్లాలి. ఏమీ చెప్పకుండా నేరుగా వెళ్తే మొదటి పది నిమిషాలు ఎదుటివాళ్లు తేరుకోవడానికే సరిపోతుంది. ఇంకోటి, వాళ్లు అడగలేని ప్రశ్నలుంటాయి. మెట్లు దిగగలరా, బాత్రూంకు ఎవరైనా తీసుకెళ్లాలా, అగ్నిప్రమాదం జరిగితే ఎలా? అవి నోట్లో ఉండిపోతే "మళ్లీ ఫోన్ చేస్తాం" అని పంపేస్తారు. మనమే మామూలుగా ఎత్తి చెప్పేస్తే గది తేలికపడుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. కొన్ని దేశాల్లో సంపాదన ఒక హద్దు దాటితే వైకల్య భత్యం ఆగిపోతుంది. చిన్న జీతానికి చేరితే చేతికొచ్చేది తగ్గుతుందన్న భయం నిజమైనదే, సోమరితనం కాదు. నియమాలు కాగితం మీద లెక్క వేసుకుని చూడండి, విన్నమాట మీద నిర్ణయించకండి.

మీ తమ్ముడికి నేనైతే ఈ క్రమం చెప్తాను. ఈ వారం ఎన్‌వీడీఏ వేసి, అతనికి కంఠతా వచ్చిన పాత ఎక్సెల్ షీట్ ఒకటి తెరవమనండి. కొత్త పాఠం కాదు, తెలిసిన షీటే. కీబోర్డు మాత్రమే. మొదటి రోజు విసుగుతో లేచిపోతాడు, పోనివ్వండి, మర్నాడు మళ్లీ కూర్చోమనండి. పక్కన కూర్చుని చదివి పెట్టకండి. అదే సమయంలో మొబిలిటీ శిక్షణకు పేరు ఇవ్వండి. ఇంట్లో ఫోన్ బిల్లు, బ్యాంకు పనులు, నెల ఖర్చుల పద్దు రేపటి నుంచి అతనివే. మూడు నెలలకల్లా, తెలిసినవాళ్లెవరిదైనా చిన్న వ్యాపారం పద్దులు వారానికి ఒకరోజు చూసే పని వెతకండి. కొద్దో గొప్పో డబ్బు తీసుకునే చేయాలి, ఊరికే కాదు. జీతం ఇచ్చే చోట తప్పు చేస్తే అడుగుతారు, ఆ అడగడం అతనికి కావాలి.

ఒక సంగతి మీరు రాయలేదు. అతను ఆఫీసులో ఏ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాడు, ఏ వెర్షన్? అది చెప్తే స్క్రీన్ రీడర్‌తో అందులో ఏవి నడుస్తాయో, ఏవి ఎక్సెల్‌లోకి దించుకుని చేసుకోవాలో రాస్తాను. ఈసారి అతన్నే టైప్ చేసి అడగమనండి.